హనుమాయమ్మ నేర్పబోయిన సేద్యం

హనుమాయమ్మ తెలంగాణకు వచ్చింది ఇక్కడివాళ్లకు వ్యవసాయం నేర్పడానికి. నేర్పమని ఎవరూ ఆమెను అడగలేదు. పందొమ్మిదేళ్ల వయసులో, గుడివాడ పక్క పల్లెలో పుట్టింటి అరుగు మీద కూర్చుని, తనకు తానే వేయించుకున్న ఉద్యోగం అది.

"అప్పటికి నాకు నారుమడి ఏదో, ఊడ్చిన చేను ఏదో గట్టు మీద నుంచి చూసి చెప్పడం వచ్చు. అంతకు మించి ఏమీ రాదు. ఆ కాస్త తెలివే ట్రంకు పెట్టెలో సర్దుకుని బయల్దేరాను," అని డెబ్బైకి దగ్గరపడ్డాక మనవరాలు అమలతో చెప్పి నవ్వేది.

అది 1964. దేశానికి స్వతంత్రం వచ్చి పదిహేడేళ్లు. ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒక రాష్ట్రమై ఎనిమిదేళ్లు. డెల్టాలో ఒక ఎకరం అమ్ముకుంటే హైదరాబాదుకు తూర్పున ఆరెకరాలు వస్తాయని ఎవరో చెప్పగా విని, ఆమె భర్త పట్టాభి తన వాటా పొలం అమ్మేశాడు. వాళ్లు దిగిన చోటు ఇప్పుడు ఎల్బీ నగర్‌లో కలిసిపోయింది గాని, అప్పటికి ఆ పేరే పుట్టలేదు. కర్మన్‌ఘాట్ నుంచి మన్సూరాబాద్ వైపు పోయే బండ్లబాట, బాటకు రెండు పక్కలా చెల్కలనే ఎర్రటి మెట్టనేలలు, ఎక్కడో ఒక మోటబావి, నాలుగు తాటిచెట్లు. ఆ నేలను చూసి పట్టాభి నీరుగారిపోయాడు. హనుమాయమ్మ మాత్రం నడుముకు కొంగు బిగించింది.

"ఏవండీ, ఇక్కడివాళ్లకు చేతకాక ఇలా వదిలేశారు. మనం వరి వేసి చూపిద్దాం," అంది.

పనికి పిలవకుండానే వచ్చిన మొదటి మనిషి లింగమ్మ. హనుమాయమ్మ కంటే రెండు మూడేళ్లు పెద్దది. ఆమె భర్త గుండయ్య, ఆమె, బాట అవతల తాటాకుల గుడిసెలో ఉండేవాళ్లు. లింగమ్మ చెల్కను చూసింది, విత్తనాల బస్తాను చూసింది, ఆ తర్వాత హనుమాయమ్మను చూసింది.

"గీ చెల్కల వరి ఏస్తరా, దొర్సానీ?"

దొరసాని అనిపించుకున్నందుకు హనుమాయమ్మ మొహం చాటంత అయింది. ఆ సంబరంలో అసలు ప్రశ్న చెవికెక్కలేదు. "చూస్తూ ఉండు లింగమ్మా, నీకూ నేర్పుతాగా," అంది.

నేర్పింది కూడా. తాడు కట్టి, వరసలు తప్పకుండా నాట్లు ఎలా వేయాలో గట్టు మీద నిలబడి గంటసేపు చెప్పింది. దిగి చూపించమంటే చేతకాదు కనుక దిగలేదు. లింగమ్మ ప్రతి మాటకీ "గట్లనా?" అంటూ బుద్ధిగా వింది. చెల్క మాత్రం వినలేదు. బావిలో నీళ్లు తోడి పారించిన చోట పారించినట్టే ఇంకిపోయాయి. పైరు పొట్టకొచ్చే వేళకు బావి అడుగున కప్పలు మిగిలాయి. రెండెకరాల వరి నిలువునా ఎండిపోతే, కోసి గేదెకు వేశారు. గేదె కూడా అయిష్టంగానే తిన్నదని హనుమాయమ్మ చెప్పేది.

మరుసటి ఏడు ఆమె గొంతు తగ్గించి లింగమ్మను సలహా అడిగింది. లింగమ్మ దవడ కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, "ఆముదాలు ఏయున్రి. నడుమ కంది సాళ్లు," అంది. పండింది. ఆ పై ఏడు, "గీ నేలకు ద్రాక్ష మంచిగొస్తదంట," అంది. అప్పట్లో హైదరాబాదు చుట్టూ అనాబ్ షాహి ద్రాక్ష తోటలు లేస్తున్నాయి. రాతి కడీలు పాతి, తీగ లాగి, పందిళ్లు వేశారు. ఎప్పుడు కత్తిరించాలి, ఎప్పుడు మందు కొట్టాలి, అన్నీ లింగమ్మను అడిగి చేసేవాళ్లు. లింగమ్మ వెంటనే ఏదీ చెప్పేది కాదు. "రేపు చెప్త," అనేది. అంత అనుభవం ఉన్న మనిషి కూడా తొందరపడి మాట్లాడదని హనుమాయమ్మ మెచ్చుకునేది.

మెచ్చుకోవడం చేలో. పుట్టింటికి వెళ్తే కథ వేరు. పెళ్లిళ్లలో ఆడవాళ్లు తమలపాకులు తుడుస్తూ కూర్చున్న చోట, "ఏదీ హనుమాయీ, మీ తెలంగాణ భాష ఒక్కసారి మాట్లాడవే," అని అడిగేవాళ్లు. ఆమె లేచి నిలబడి, చెంగు లింగమ్మలాగా దోపి, గొంతు మార్చి, "ఏంది దొర్సానీ, గట్లనా, ఎట్ల మరి!" అని మొదలుపెట్టేది. లింగమ్మ ఎప్పుడూ అనని మాటలు కూడా నాలుగు తగిలించేది. పందిరంతా పగలబడి నవ్వేది. వంటవాళ్లు కూడా గరిటెలు వదిలి వచ్చి చూసేవాళ్లు. ఆ ఐదేళ్లలో సేద్యంలో రాని పేరు ఆమెకు ఈ వేషంలో వచ్చింది.

1969 వచ్చింది. ఉద్యోగాల దగ్గర మొదలైన గొడవ కాలేజీల నుంచి రోడ్ల మీదికి వచ్చి, తెలంగాణ వేరుపడాలన్న ఉద్యమమైంది. కాల్పులు, బందులు, కర్ఫ్యూలు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర బస్సులాపి, ఎవరు ఎక్కడివాళ్లో మాటను బట్టి కనిపెడుతున్నారని ఒక కబురు తోటదాకా వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పట్టాభి తన తండ్రి తద్దినానికని ఊరెళ్లి, బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. తోటలో హనుమాయమ్మ, మూడేళ్ల కొడుకు భానుమూర్తి, కోళ్లు.

హనుమాయమ్మకు భయం వేసింది గాని, వెంటనే ఒక ధైర్యమూ వచ్చింది. పెళ్లిళ్లలో అంతమందిని మెప్పించిన భాష ఉండగా ఇంకేం భయం? వారం రోజులు కోళ్లతో సాధన చేసింది. "గీ గింజలు తినున్రి! గాడికి పోకున్రి!" కోళ్లు ఎప్పటిలాగే తమ ఇష్టం వచ్చిన చోటికి పోయాయి.

ఆ వారం చివర పిల్లవాడికి జ్వరం తగిలింది. మూడో రోజుకు కళ్లు తేలేశాడు. లింగమ్మ వచ్చి నుదురు తాకి చూసింది.

"ఇగ ఆగొద్దు. దవాఖానకు పోదాం పా," అంది. బాట ఎక్కాక మళ్లీ చెప్పింది. "ఎవరన్న ఆపితే నేను మాట్లాడుత. నువ్వు నోరు తెరువకు. సమజయిందా?"

హనుమాయమ్మ తలూపింది.

బస్సు మూసారాంబాగ్ వంతెన దగ్గర ఆగింది. పదిహేను ఇరవైమంది కాలేజీ పిల్లలు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఇద్దరు లోపలికి ఎక్కారు. అందులో కళ్లజోడు కుర్రాడు వరసగా చూసుకుంటూ వచ్చి, వీళ్ల దగ్గర ఆగి, "ఏడికి పోతున్రమ్మా?" అని మామూలుగానే అడిగాడు. లింగమ్మ నోరు తెరిచేలోపు హనుమాయమ్మ లేచి నిలబడింది.

"ఏందిర బయ్! గీ పోరనికి గీ జరం గీ మస్తుగ గొచ్చింది గద! గీ మేము జర పరేషాన్ పరేషాన్ అయితున్నం గద! గీ దవాఖానకు గీ పోవాలెనండీ!"

చివర ఆ "అండీ" ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. కళ్లజోడు కుర్రాడు మొహం ఎర్రబడింది. పెదవులు బిగబట్టాడు. కాసేపే ఆపగలిగాడు. వాడు నవ్వాడు, రెండోవాడు నవ్వాడు, కండక్టరు టికెట్ల సంచీలో మొహం దాచుకున్నాడు. కిందనున్న వాళ్లు "ఏందిరా, ఏందిరా?" అంటూ కిటికీల్లోంచి చూశారు.

కుర్రాడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మీరు మీ భాషనే మాట్లాడున్రి. మాకు మంచిగ సమజయితది," అన్నాడు. పిల్లవాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాక నవ్వు పోయింది. డ్రైవరును ఎక్కడా ఆపకుండా దవాఖాన ముందే దించమన్నాడు. దిగబోతూ మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగాడు.

"మేం మాట్లాడితే మీకు గిట్లనే ఇనబడ్తదా, అమ్మా?"

కోపంగా అడిగి ఉంటే హనుమాయమ్మ తట్టుకునేది. వాడు తెలుసుకోవాలని అడిగాడు. ఆమె పిల్లవాణ్ణి ఎత్తుకుని కిటికీ వైపు తిరిగిపోయింది.

దవాఖానలో సూది వేసి, సాయంత్రందాకా చూసి పంపుతామన్నారు. వరండాలో గోడకు ఆనుకుని ఇద్దరూ కూర్చున్నారు. భానుమూర్తి కాస్త కళ్లు తెరిచి నీళ్లు అడిగాక, లింగమ్మ గుక్కెడు తాగించి, అప్పుడు అడిగింది.

"నేను గట్లనే మాట్లాడుతనా?"

"కాదు లింగమ్మా. భయంలో ఏదో..."

"భయంల కాదు. మీ ఊర్ల పెండ్లిళ్లల్ల నా లెక్క మాట్లాడి అందరిని నవ్విస్తవంట గద. మొన్న ఎండకాలం మీ ఆడిబిడ్డ ఒచ్చినప్పుడు చెప్పింది. ఊకెనే చెప్పలే. 'ఏదీ లింగమ్మా, ఒక్కసారి మాట్లాడు, మా హనుమాయి మంచిగ చేస్తదో నువ్వు మంచిగ చేస్తవో చూస్త' అని నన్నే అడిగింది."

హనుమాయమ్మకు తల ఎత్తబుద్ధి కాలేదు. వరండాలో ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది. "మరి నువ్వేం చేశావు?" అని మాత్రం అడిగింది.

"ఏం చేస్త? మాట్లాడిన. ఆమె నవ్వింది. ఇంట్లకొచ్చి రెండు దినాలు గుండయ్యతోని గూడ మాట్లాడలే."

ఉన్నట్టుండి లింగమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని హనుమాయమ్మ కంగారుపడింది. నవ్వుతోంది.

"నేను గూడ నిన్ను ఆగం చేసిన తియ్యి," అంది లింగమ్మ. "నాకేం ఎర్క ఎవుసం? మేం సాలోల్లం. మాది పోచంపల్లి దిక్కు. నూలు దొరకక మగ్గం బంద్ వెట్టి, నువ్వొచ్చే ముందు ఏడాదే ఈడికొచ్చినం. నేను పుట్టి బుద్ధెరిగినంక చేన్ల కాలు వెట్టింది నీ వరి మడిలనే."

హనుమాయమ్మ నోరు తెరుచుకుని చూసింది. "ఆముదాలు వెయ్యమన్నావు! ద్రాక్ష వెయ్యమన్నావు!"

"బాయికాడ అంతయ్య పటేలు చెప్పేది ఇని, నీకు ఒచ్చి చెప్పేదాన్ని. నువ్వు అడిగినప్పుడల్ల 'రేపు చెప్త' అంటుంటి గద? గా దినం అంతయ్య పటేలును అడుగాలె, అందుకు."

అంతయ్య వాళ్ల పక్క చెల్క ముసలి రైతు. ఐదేళ్లుగా హనుమాయమ్మ గట్టు మీద నుంచి ఆయనకు నమస్కారం మాత్రం పెట్టి, ఆయనకేం తెలుసులే అనుకుంటూ వచ్చింది. సేద్యం తెలియని మనిషి, సేద్యం తెలియని మనిషికి నేర్పబోయి, ఆమె దగ్గరే నేర్చుకుందన్నమాట. వరండాలో అందరూ చూస్తుండగా ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. కాంపౌండరు వచ్చి కసిరాడు. హనుమాయమ్మ నవ్వుతూనే, "తప్పయిపోయింది లింగమ్మా," అంది. లింగమ్మ పిల్లవాడి చొక్కా గుండీలు పెట్టింది.

ఆ తర్వాత హనుమాయమ్మ ఏ పెళ్లిలోనూ ఆ వేషం కట్టలేదు. బాగా మారిపోయి కాదు. లేచి నిలబడితే కళ్లజోడు కుర్రాడు గుర్తొచ్చి మళ్లీ కూర్చునేది.

ఉద్యమం చల్లబడింది. పట్టాభి తిరిగొచ్చాడు. ద్రాక్ష పదిహేనేళ్లపాటు బాగానే కాసింది. ఆ తర్వాత బూడిద తెగులు వచ్చింది, బావులు ఎండిపోయాయి, నగరం మూసీ దాటి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా తోటదాకా నడిచి వచ్చింది. కడీలు పీకి ప్లాట్లు చేశారు. పందిరి వరసల మధ్య నడిచిన దారే కాలనీలో మూడో నంబరు వీధి అయింది. గుండయ్య, లింగమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మడిగె కిరాయికి తీసుకుని, చుట్టాలు నేసిన పోచంపల్లి చీరలు అమ్మడం మొదలుపెట్టారు. దుకాణం పెరిగింది, కొడుకు చూసుకుంటున్నాడు. కోడలు విజయశ్రీకి ఆఫీసు ఉద్యోగం, మనవడు క్రాంతికుమార్ లాయరు. పట్టాభి పోయాడు, తర్వాత రెండేళ్లకు గుండయ్య పోయాడు. ఆడవాళ్లిద్దరూ మిగిలారు, రెండు వీధుల దూరంలో.

2011లో మళ్లీ రోడ్డు మీదికి వచ్చింది తెలంగాణ. ఈసారి పిల్లలే కాదు, ఆఫీసులు, బడులు, బస్సులు అన్నీ ఆగిపోయి, సకల జనుల సమ్మె అన్నారు. ఎల్బీ నగర్ చౌరస్తాకు ఇవతల టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు పెట్టారు. రోజుకో జట్టు పొద్దున కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు. టెంటు చూసుకునేవాళ్లలో క్రాంతి ఒకడు. ఒక బుధవారం లింగమ్మ కూర్చుంది.

ఆ సంగతి తెలిసి హనుమాయమ్మకు కాలు నిలవలేదు. లింగమ్మకు బీపీ ఉంది. తినకుండా మాత్ర వేసుకోకూడదు. కొడుకు భానుమూర్తి ఆఫీసు గదిలో తలుపేసుకుని ఫోన్లో ఉన్నాడు. టెంటు వైపు ఎవరూ వెళ్లొద్దని అతను ముందే చెప్పాడు. రాష్ట్రం విడిపోతే తమను ఇక్కడ ఉండనివ్వరని అతని భయం. హనుమాయమ్మ నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి టిఫిను డబ్బాలో పెట్టుకుని, వెనక తలుపు తీసి బయటపడింది. నిరాహార దీక్షకు టిఫిను తీసుకెళ్తున్నానన్న సంగతి టెంటు ముందుకు వెళ్లేదాకా ఆమెకు తట్టలేదు.

క్రాంతి ఎదురొచ్చాడు. "అమ్మమ్మా! మీరొచ్చిన్రా!" అని మైకు దగ్గరికి పరుగెత్తాడు. "యాభై ఏండ్ల కింద ఆంధ్ర నుంచి ఒచ్చి మన గడ్డ మీద సేద్యం చేసిన హనుమాయమ్మ గారు మన దీక్షకు మద్దతుగ కూసుంటున్రు!"

కాదనేలోపు మెడలో బంతిపూల దండ పడింది. ఎవరో చెయ్యి పట్టుకుని లింగమ్మ పక్కన కూర్చోబెట్టారు. డబ్బా చీర కుచ్చిళ్ల వెనక దాచుకుంది. అల్లం పచ్చడి వాసన టెంటంతా తిరిగింది. దీక్షలో ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏం తెచ్చినవ్?" అని లింగమ్మ పెదవి కదపకుండా అడిగింది.

"ఇడ్లీ."

"నీకేమన్న పిచ్చా?"

మాట్లాడమని మైకు ఇచ్చారు. గొప్పగా ఏదో చెప్పాలనుకుంది. చరిత్ర, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అన్నీ నోటిదాకా వచ్చాయి. అన్ని మొహాలు తన వైపే చూస్తుండేసరికి, "ఎండగా ఉంది. అందరూ వేళకు తినండి," అని మైకు ఇచ్చేసింది. చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆమె లింగమ్మ వైపు వంగింది.

"నిజం చెప్పు. రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా?"

"నిన్నెవరు పొమ్మంటరు? మా కోడలి సంగతి ఇను," అంది లింగమ్మ. "ఇరవై ఏండ్ల సంది కొలువు చేస్తుంది. మీటింగుల లేసి మాట్లాడాలంటే ఇప్పటికి భయమే. మాట్లాడితే ఆమె పై సారు నవ్వుతడంట. ఆమె చెప్పిన మాట ఆమె లెక్కనే మళ్ల అని చూపిస్తడంట. ఇంట్ల మాటలు పొతం చేస్కొని పోతది, మీ లెక్క మాట్లాడేతందుకు. అద్దం ముందట నిలబడి. నేను గందుకు కూసున్న. నీళ్లకు, కొలువులకు కూసునేటోళ్లు మస్తుమంది ఉన్నరు."

హనుమాయమ్మకు ఆ అద్దం ముందు నిలబడ్డ విజయశ్రీ కనిపించింది. తను కోళ్ల ముందు వారం రోజులు నిలబడింది. విజయశ్రీ ఇరవై ఏళ్లుగా నిలబడుతోంది.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. దండలో మునిగి హనుమాయమ్మ. కింద, "సెటిలర్ల సంఘీభావం." ఫొటోలో తను ఎంతో పట్టుదలగా కనిపించానని, నిజానికి అది ఆకలని ఆమె అమలతో చెప్పింది. గుడివాడ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మేనల్లుడు, "ఏంటత్తయ్యా, మా పరువు తీశావు," అన్నాడు. ఆ నెలలో జరిగే పెళ్లికి పిలుపు రాలేదు. భానుమూర్తి పేపరు మడిచి బల్ల మీద కొట్టాడు.

"నీకెందుకమ్మా ఇవన్నీ? ఏదో పొరపాటున కూర్చోబెట్టారని అందరికీ చెప్పేస్తాను."

"చెప్పు నాయనా. నిన్న పొరపాటే," అంది హనుమాయమ్మ.

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. కాఫీ తాగలేదు. ఉతికిన చీర కట్టుకుని, ఈసారి ముందు తలుపు తీసుకుని టెంటుకు వెళ్లి, దీక్షలో కూర్చునేవాళ్ల పేర్లలో తన పేరు తనే రాసింది. ఊరు అన్న చోట ఒక్క క్షణం ఆగి, మన్సూరాబాద్ అని రాసింది. పదకొండు గంటలకు కళ్లు తిరిగాయి. పన్నెండింటికి క్రాంతి ఆమెను ఆటోలో ఇంటికి పంపించాడు. ఉద్యమ చరిత్రలో మూడు గంటల నిరాహార దీక్ష తనదొక్కటేనని ఆమె చెప్పుకునేది.

రాష్ట్రం 2014 జూన్ రెండున వచ్చింది. ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. భానుమూర్తి భయపడినవి ఏవీ జరగలేదు. ఆ పొద్దున ఎల్బీ నగర్‌లో ఊరేగింపులు, డప్పులు, పటాకులు. హనుమాయమ్మ ఏదీ చూడలేదు. నాలుగు రోజుల క్రితమే శుక్లం ఆపరేషన్ అయి, కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద ఉంది. లింగమ్మ కారులోంచి దిగి, మోకాళ్లు పట్టుకుంటూ, మిఠాయి డబ్బాతో వచ్చింది. ఆమె చీర నిండా గులాల్.

"సంతోషం లింగమ్మా. మీకు వచ్చేసిందిగా," అంది హనుమాయమ్మ.

"'మీకు' ఏంది, 'మనకు' అనరాదా?" అని లింగమ్మ కసిరి, చేతులు కడుక్కుని వచ్చి, కంటి మందు సీసా తీసుకుంది. "గిది దినానికి ఎన్నిసార్లు?"

"నాలుగుసార్లు."

"నీ కొడుకు రెండే అన్నడు."

"వాడికేం తెలుసు? సీసా మీద చూడు."

లింగమ్మ సీసాను దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూసింది. ఆమెకూ ఆనలేదు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. వీధిలో పటాకుల మోత ఆగాక, లింగమ్మ గుమ్మందాకా వెళ్లి, "అమలా! ఓ అమలా! జర ఇటు రా బిడ్డా, గిదేందో సదువు," అని కేకేసింది.